గొలుసు కట్టిన రైఫిలు

నా దగ్గరకి వచ్చిన ప్రశ్న

పోలీసు ఉద్యోగంలో నేను భయపడిన రోజులు చాలా ఉన్నాయి. ఆ భయాల్లో దొంగలూ రౌడీలూ కలిగించినవి తక్కువ. నా పక్కన నిలబడిన మంచి మనిషి చేతిలో తుపాకీ ఉండడం వల్ల కలిగినవే ఎక్కువ. యూనిఫాంలో ఉండగా ఈ మాట అనలేదు. అంటే పిరికివాడంటారు. ఇప్పుడు ఆరోగ్యం బాగాలేక ముందుగానే విరమణ తీసుకుని మార్కాపురంలో ఇంటిపట్టున ఉన్నాను. ఎవరేమన్నా పోయేదేమీ లేదు.

కానిస్టేబుల్ పరీక్షకి తయారయ్యేవాళ్లు కొందరు సాయంత్రాలు మా ఇంటికి అరిథ్‌మెటిక్ నేర్చుకోవడానికి వస్తుంటారు. నేను చదివింది పదో తరగతి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మా నాయన పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసేవాడు. అంచు విరిగి అమ్ముడుపోని పలకలు ఇంటికి తెచ్చేవాడు. వాటి నిండా లెక్కలు వేసుకుంటూ పెరిగాను. ఏ భయాన్నయినా లెక్కగా మార్చుకుంటే తగ్గుతుందన్న నమ్మకం అప్పుడే పట్టుకుంది.

అట్లా వచ్చేవాళ్లలో తర్లుపాడు అమ్మాయి సుభాషిణి ఒకతె. రైలూ వంతెనా లెక్క చేస్తూ మధ్యలో పెన్ను పక్కన పెట్టింది.

"సార్, మాకందరికీ పిస్టల్ ఇయ్యాల గదా? కత్తితో వచ్చినోడి ముందర కట్టె పట్టుకొని నిలబడమంటే ఎట్ల? ఉద్యోగం ఇంకా రానే లేదు, మా అమ్మ ఇప్పుడే ఏడుస్తాంది."

ఆలోచించి చెప్తానన్నాను.

"ఏ లెక్కైనా టక్కున చెప్తారు. దీనికి ఆలోచనేంది సార్?" అంది. మిగిలినవాళ్లు నవ్వారు.

ఆమెకు చెప్పవలసిన జవాబే ఇది. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

లాఠీ చాలని రోజు

ముందు సుభాషిణి వైపు నుంచే చెప్తాను, ఎందుకంటే ఆమె భయం ఊహించుకున్నది కాదు.

గిద్దలూరులో పనిచేసేటప్పుడు వెంకటేశ్వర్లు అనే కానిస్టేబులూ నేనూ జంటగా తిరిగేవాళ్లం. ఒక కాలనీలో తాగినవాడు భార్యని కొడుతున్నాడని ఫోన్ వస్తే ఇద్దరం వెళ్లాం. ఇట్లాంటివి ఎన్ని చూశామో లెక్క లేదు. కేకేస్తే వాడు కూలబడతాడు, ఆమె ఏడుస్తుంది, వాణ్ణి స్టేషన్‌కి తెచ్చి మత్తు దిగేదాకా కూర్చోబెడతాం. ఆ రోజు మాత్రం వాడి చేతిలో గడ్డికోసే కొడవలి ఉంది. వెంకటేశ్వర్లు లాఠీ అడ్డం పెట్టాడు. కొడవలి లాఠీ మీద జారి అతని కుడి అరచేతిని అడ్డంగా కోసింది. వాడి మీద పడి పట్టుకున్నది నేనే. అయితే అది నెత్తురు కారడం మొదలయ్యాక.

ఆసుపత్రిలో వెంకటేశ్వర్లు భార్య మంచం పక్కన నిలబడి నన్నే అడిగింది.

"నాయనా, మీ సర్కారు నా మొగుడికి ఒక తుపాకీ ఇచ్చుంటే ఏం పోయేది?"

వెంకటేశ్వర్లే జవాబిచ్చాడు.

"ఇచ్చుంటే వాణ్ణి కాల్చుండేవాణ్ణి. వాడి ఎనకాల గుమ్మంలో వాడి పిల్లోళ్లు నిలబడుండారు. నువ్వు చూడలా, నేను చూసినా. నాకు రెండు వేళ్లు ముడవను రాలా. అంతే గదా."

"అంతేనంట! అన్నం కలుపుకోను చెయ్యి రాదు, అంతేనంట! రేపట్నుంచి ఆ పిల్లోళ్లనే వచ్చి ముద్దలు పెట్టమను."

ఇద్దరి మాటా నిజమే. లాఠీ చాలని రోజులుంటాయి. ఆ రోజున మీ ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఉందని చెప్పేవాణ్ణి నమ్మకండి.

ఇంట్లో దానికి చోటు లేదు

ఇక రెండో వైపు. నేను హెడ్ కానిస్టేబుల్ అయ్యాక ఒకసారి ఖైదీ ఎస్కార్టుకి ఎస్సై గారు నాకు పిస్టల్ ఇప్పించారు. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాను. మా ఇంటావిడ రమణమ్మ నడుము దగ్గర దాన్ని చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ముందు దాన్ని యాడన్నా పెట్టి రా. అన్నం పెడతా."

"యాడ పెట్టాల?"

"బీరువాలో పెట్టు."

"తాళం చెవి యాడుంటదో పిల్లోళ్లకి తెలుసు."

"అటక మీద పెట్టు."

"నువ్వు చింతపండు కోసమని ఎక్కుతావు, నీ చెయ్యి తగిలితే?"

"అయితే బయటే నిలబడి తిను. మా ఇంట్లో దానికి చోటు లేదు."

నిజంగానే వసారాలో నిలబడి తిన్నాను. ఎదురింటి కోమటాయన తన దుకాణం నుంచి చూసి, "ఏంది హెడ్డు గారూ, ఇంట్లోకి కూడా రానీలేదా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నన్ను ఆలోచనలో పడేసింది. నా సర్వీసు మొత్తంలో తుపాకీ ఉంటే బాగుండుననిపించిన సందర్భాలు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి. రోజూ తుపాకీ ఇస్తే అది ఆ సందర్భాల్లో మాత్రమే నాతో ఉండదు. టీ తాగేటప్పుడుంటుంది, బస్సులో కునుకు తీసేటప్పుడుంటుంది. పెళ్లి భోజనాల్లో, ఆసుపత్రి లైన్లో, భార్యతో మాటామాటా పెరిగినప్పుడు, పై ఆఫీసరు అందరి ముందూ తిట్టి పంపిన రోజున కూడా ఉంటుంది. మేలు చేసే ఘడియలు కొన్నే. కీడుకి తలుపు తెరిచి ఉండే ఘడియలు మాత్రం మిగతావన్నీ. పలక మీద ఎడమ వైపు మేలు, కుడి వైపు కీడు రాస్తే, పిస్టల్ కావాలనేవాళ్లు ఎడమ వైపు అంకె ఒక్కటే చూస్తారు. కుడి వైపుది కూడా వేసుకోవాలి.

గొలుసు

మా వైపు ఒక అలవాటు ఉండేది. నల్లమలలో నక్సలైట్ల దళాలు తిరిగిన రోజుల్లో మొదలైంది. అప్పట్లో స్టేషన్ల మీద పడేది తుపాకుల కోసమే. తుపాకీ పోగొట్టుకున్న కానిస్టేబుల్ ఉద్యోగం పోయినట్టే. అందుకని బందోబస్తుకి రైఫిల్ ఇచ్చినప్పుడు దానికి సన్నటి ఇనుప గొలుసు తగిలించి, మనిషి నడుము బెల్టుకి చుట్టి, చిన్న తాళం వేసేవాళ్లు. తాళం చెవి ఆ మనిషి దగ్గర ఉండదు. ఉంటే ఎవరైనా బెదిరించి తీయిస్తారు కదా. ఆ బందోబస్తు జట్టుకి పెద్దగా వెళ్లిన హెడ్ కానిస్టేబుల్ జేబులో ఉంటుంది. దళాలు పోయినా మేము పనిచేసిన చోట ఈ అలవాటు పోలేదు. తుపాకీని మనిషికి కట్టామని ఆఫీసర్లు అనుకునేవాళ్లు. మనిషిని తుపాకీకి కట్టామని నాకనిపించేది.

ఇంకో అలవాటు మంచిది. నా మొదటి ఎస్సై, కోపిష్ఠి, నోరు మంచిది కాదు, కానీ ఒక విషయంలో ఆయనకి నేను రుణపడి ఉన్నాను. జనంలోకి వెళ్లేటప్పుడు తూటాలున్న మ్యాగజైన్‌ని రైఫిల్‌కి ఎక్కించనిచ్చేవాడు కాదు. నడుముకున్న సంచీలో విడిగా పెట్టించేవాడు. "అది తీసి, ఎక్కించి, బోల్టు లాగేలోపు నీ బుర్ర ఒకసారన్నా పనిచేస్తుంది రా. ఆ ఒక్కసారి కోసమే" అనేవాడు.

చాలా ఏళ్ల తర్వాత వచ్చిన మరో అధికారికి అది నచ్చలేదు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు, ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదు. "ఖాళీ తుపాకీ పట్టుకుని నిలబడితే మీకే ప్రమాదం" అని మ్యాగజైన్లు ఎక్కించే ఉంచమన్నాడు. మా మేలు కోరే అన్నాడు. ఆ శివరాత్రికి దోర్నాల పంపినప్పుడు అవి ఎక్కించే ఉన్నాయి.

దోర్నాల రోడ్డు మీద

శ్రీశైలం వెళ్లే యాత్రికులతో ఆ రోడ్డు ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. కూడలి దాటాక ఒక హోటల్ పక్కన మా టెంటు. నేను, కానిస్టేబుల్ మస్తాన్, ఒక హోంగార్డు. మస్తాన్‌ది కంభం. ఎవరితోనైనా క్షణంలో కలిసిపోయే మనిషి. రైఫిల్ అతనిది, తాళం చెవి నాది. మ్యాగజైన్‌లో ఐదు తూటాలు నేనే లెక్కపెట్టి పెట్టించాను. బోల్టు లాగి వదిలితే తప్ప తూటా గొట్టంలోకి ఎక్కదు. లాగలేదు, ట్రిగ్గర్ కదలకుండా ఆపే సేఫ్టీ కూడా వేసే ఉంది.

యాత్రికుల ఆడపిల్లలు రైఫిల్‌తో ఫోటో అడిగితే, "దీనికింకా మేకప్ ఎయ్యలేదు తల్లీ" అని పంపేసేవాడు. నాతో మాత్రం గొలుసు సర్దుకుంటూ, "మా ఇంటామె కూడా నన్నింత గట్టిగా కట్టెయ్యలేదన్నా" అన్నాడు.

మధ్యాహ్నం కొంచెం వాలాక, కాస్త దూరంలో ఒక వ్యాను గొర్రెల మందలోకి దూసుకుపోయింది. గొర్రెలతో పాటు వాటి వెనక నడుస్తున్న మనిషి కూడా పోయాడు. అర్ధవీడు వైపు నుంచి మేపుకి వచ్చిన మంద అది. డ్రైవర్ పరుగెత్తుకొచ్చి మా టెంటులో పడ్డాడు. హోంగార్డు అతన్ని హోటల్ వంటగదిలోకి తోసి, లోపల నుంచి గడియ పెట్టుకున్నాడు. బయట మేమిద్దరమే మిగిలాం.

జనం వచ్చారు. టెంటు మేరకి ఎంతమంది పట్టారో చూసి గుణిస్తే రెండు వందలకి తక్కువ లేరు. ముందున్నవాడు ఎల్లయ్య. చనిపోయినవాడి తమ్ముడని అతని అరుపుల్లోనే తెలిసింది.

"మా అన్న రోడ్డు మీద పడుండాడు! మీరు వాణ్ణి దాస్తాండారా? బయటికి పంపండి!"

"పంపను నాయనా, జీపు వస్తాంది, వాణ్ణి స్టేషన్‌కే తీసుకపోతాం" అని నేనంటూనే ఉన్నాను. వెనకవాళ్లు ముందువాళ్లని తోశారు. మస్తాన్ అందరూ చేసే పనే చేశాడు. రైఫిల్‌ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, కర్రతో ఆపినట్టు జనాన్ని ఆపబోయాడు. లాఠీ అయితే అది ఆపడమే అవుతుంది. రైఫిల్ కాబట్టి ఇంకొకటిగా కనిపించింది.

"రేయ్, కాలుస్తాడంట రా!" ఎవరో అరిచారు.

ఎల్లయ్య గొట్టం పట్టుకుని పైకి లేపాడు. ఇంకో ఇద్దరు మస్తాన్ భుజాలు పట్టుకున్నారు. నేను వాళ్ల మధ్యకి దూరాను.

"వదులు నాయనా. కాల్చడు."

"నేను వదిలితే కాలుస్తాడు. ముందు ఆయన్ని వదలమను!"

"అన్నా, నేను వదిలినా ఇది నన్ను వదలదు!" మస్తాన్ అరిచాడు. "గొలుసుందన్నా!"

జనం అటు లాగితే మస్తాన్ అటు పోతున్నాడు, ఇటు లాగితే ఇటు. బెల్టు పొట్ట మీద నుంచి పక్కటెముకల మీదకి ఎక్కి బిగిసింది. మాట ఆగిపోయింది. ముఖం నల్లబడుతోంది. ఎల్లయ్య కళ్లలో కోపం ఎప్పుడో పోయింది. అక్కడున్నది కూడా భయమే. వాళ్లిద్దరూ ఒకరికొకరు భయపడి పట్టుకునే ఉన్నారు.

జేబులో చెయ్యి పెట్టాను. తాళం తీస్తే సర్కారు రైఫిల్ రెండు వందల మంది చేతుల్లోకి పోతుంది. తీయకపోతే మస్తాన్ నా కళ్లముందే చచ్చిపోతాడు. నాకు చేతనైన పని ఒక్కటే, లెక్క వేశాను. గొట్టంలో తూటా లేదు. సేఫ్టీ వేసి ఉంది. రైఫిల్ ఎవరి చేతికి పోయినా సేఫ్టీ తీయడం తెలియాలి, బోల్టు లాగడం తెలియాలి. గొర్రెల కాపరికి తెలిసే అవకాశం తక్కువ. మస్తాన్‌కి ఊపిరి ఆడకపోవడం మాత్రం కళ్లెదుటే ఉంది.

తాళం తీశాను.

మస్తాన్ వెనక్కి నా మీద పడ్డాడు. రైఫిల్ ఎల్లయ్య చేతుల్లో మిగిలింది.

ఆ తర్వాత జరిగింది నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు. అరుపులు ఆగిపోయాయి. ఎల్లయ్య చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకా వెనక్కి. అంతసేపూ అతని భుజం ఆనుకుని ఉన్న సొంత మనుషులే ముందు జరిగారు.

"ఒరే ఎల్లయ్యా, ఇటు తిప్పాకు రా!"

"కింద పెట్రా! వద్దు వద్దు, కింద పెడితే పేలతాదేమో!"

అతను ఒక్కడే మధ్యలో మిగిలాడు. పసిబిడ్డని మొదటిసారి చేతికిస్తే కొత్త తండ్రి పట్టుకున్నట్టు రెండు అరచేతుల మీద పెట్టుకుని నిలబడ్డాడు. గొట్టం నా ఛాతీ వైపు ఉంది. అతని వేళ్లు ఎక్కడ ఉన్నాయో అతనికే తెలియదు.

"సార్... దీన్ని తీసుకోండి సార్. నాకు పట్టుకోను రాదు సార్."

వెళ్లాను. గొట్టం ఆకాశం వైపు తోసి, రైఫిల్ తీసుకున్నాను. ఎల్లయ్య రోడ్డు మీద కూలబడి అన్నని పేరు పెట్టి పిలుస్తూ ఏడవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అతనికి ఏడవడానికి సందు దొరకలేదు. ఆ ఏడుపు విని జనం కూడా మామూలు జనమైపోయారు. జీపు వచ్చింది. డ్రైవర్‌ని తీసుకుపోయాం.

ఇసుక పెట్టె ముందు

స్టేషన్లో తుపాకీ ఖాళీ చేసేటప్పుడు గొట్టాన్ని ఇసుక నింపిన పెట్టె వైపు తిప్పి చేస్తారు. పొరపాటున పేలినా ఇసుకలోకి పోతుంది. ఎస్సై గారు, మస్తాన్, నేను ఉన్నాం. మ్యాగజైన్ విప్పి తూటాలు అరచేతిలోకి తీశాను. నాలుగే వచ్చాయి.

"ఐదోది యాడబోయింది?" అన్నారు ఎస్సై గారు.

రైఫిల్ పక్కకి తిప్పి చూశాను. సేఫ్టీ తీసి ఉంది. బోల్టు వెనక్కి లాగాను. ఐదోది గొట్టంలోంచి వచ్చి ఇసుకలో పడింది.

నా లెక్కలో సున్నా ఉండాల్సిన చోట ఒకటి ఉంది. ఆ సున్నా మీద నమ్మకంతోనే తాళం తీశాను. అదే నమ్మకంతో గొట్టానికి ఎదురు నడిచాను.

"నేను లాగలేదన్నా" అన్నాడు మస్తాన్. కొంతసేపు తన చేతినే చూసుకున్నాడు. "లాగినానా?"

తోపులాటలో ఎవరి చెయ్యో తగిలి బోల్టు అంత దూరం లాగబడదు. సేఫ్టీ దానంతటది జారదు. నాది కాక, రెండూ తెలిసిన చెయ్యి అక్కడ ఒక్కటే ఉంది. ఆ చెయ్యి నేర్చుకున్న పని అది చేసింది, మనిషికి చెప్పకుండానే. మస్తాన్ అబద్ధం చెప్పలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. నన్ను భయపెట్టేది కూడా అదే.

శాఖ విచారణలో ఒక పెద్దాఫీసరు, "జనం లాక్కున్నారని రాయి, నీకూ మంచిది" అన్నాడు. అట్లా రాస్తే ఎల్లయ్య జైలుకి పోతాడు. తాళం నేనే తీశానని, ఆయుధం అతనే తిరిగి ఇచ్చాడని, తూటా గొట్టంలో ఉందని, జరిగింది జరిగినట్టు రాశాను. ఆ తర్వాత నాకేమైందన్నది మీకు పనికొచ్చే విషయం కాదు. మస్తాన్ మాత్రం ఆయుధం అవసరం లేని డ్యూటీ తనే అడిగి వేయించుకున్నాడు. అతను సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

కోర్టు వరండా

సుభాషిణీ, నా జవాబు ఇది. స్టేషన్లో తుపాకులుండాలి, బాగా పనిచేసేవి ఉండాలి. వాటితో తరచూ సాధన చేసేవాళ్లు కొందరుండాలి. ఫలానా చోట ప్రమాదముందని తెలిసినప్పుడు వాళ్లు వాటితో వెళ్లాలి. మిగతా అందరి నడుముకీ, రోజూ, అన్ని పనులకీ మాత్రం వద్దు. లాఠీతో పంపేటప్పుడు నిన్ను ఒంటరిగా పంపొద్దని గట్టిగా అడుగు. కత్తి దిగని జాకెట్ అడుగు. వాటికోసం గొడవ పడితే నేను మీ వెనకాల నిలబడతాను. ఇవన్నీ ఉన్నా లాఠీ చాలని రోజు నీకు రావచ్చు. రాదని మీ అమ్మతో నేను చెప్పను. రెండు భయాల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. నేను లాఠీ చాలదేమోనన్న భయాన్నే ఎంచుకున్నాను.

ఎందుకో ఇంకా అర్థం కాకపోతే, వ్యాను డ్రైవర్ కేసు మార్కాపురం కోర్టులో విచారణకి వచ్చిన రోజు సంగతి చెప్తాను. ఎల్లయ్యా నేనూ సాక్షులం. మస్తాన్ అప్పటికి అదే కోర్టులో డ్యూటీ చేస్తున్నాడు. పిలుపు ఆలస్యమైంది. ముగ్గురం వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మస్తాన్ ఎల్లయ్యకి టీ తెప్పించి ఇచ్చాడు. ఆ ఏటి వానల గురించీ, కంభం చెరువుకి నీళ్లు రావడం గురించీ మాట్లాడుకున్నారు. ఇద్దరూ బాగా కలిసిపోయారు. టీ అయిపోయాక ఎల్లయ్య, మనసులో చాలా రోజులుగా పెట్టుకున్నదాన్ని బయటికి తీసినట్టు, నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు నేను గొట్టం పట్టుకోకుంటే, నువ్వు నన్ను కాల్చుండేవాడివా?"

కాల్చేవాణ్ణి కాదని మస్తాన్ అంటాడనుకున్నాను. అంటే సరిపోయేది. అతను చాలాసేపు ఆలోచించాడు.

"తెలీదు ఎల్లయ్యా" అన్నాడు. "నిజంగా నాకు తెలీదు."

ఎల్లయ్య సరేనన్నట్టు తలూపాడు. ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. బెంచీ మీద కొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు. మస్తాన్ చేతిలో ఆ రోజు సమన్ల కాగితాలు తప్ప ఇంకేమీ లేవు.